టీచరమ్మ మేడకు పదకొండు టేకు పలకలు

పాత ఇంట్లోకి అడుగుపెట్టగానే ఎవరైనా గోడలు చూస్తారు, లేదా కప్పు చూస్తారు. నేను మడమతో నేల తట్టి చూస్తాను. పని మానేసి ఇన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు. ఆమధ్య బంధువుల పిల్లకు సంబంధం చూడటానికి ఒక మేడ ఇంటికి వెళ్లాం. అందరూ చాయ్ తాగుతుంటే నేను మూలమూలకూ నడిచి పలకలు తడుతున్నాను. నా భార్య చెయ్యి పట్టి లాగింది. "కూసో. మనం పిల్లగాన్ని సూడనీకి వచ్చినం, వాళ్ల నేలను కాదు" అంది.

కూర్చున్నాను. కాలు మాత్రం కూర్చోలేదు.

వడ్రంగం నేర్చుకుంటున్న కుర్రవాళ్లు కొందరు నన్ను అడుగుతుంటారు, పాత ఇళ్ల చెక్క నేలలకు జోడు చెక్క ఎలా వెతికేవాడివని. వాళ్లకు కావలసింది కొలతలు, కొట్ల పేర్లు. అవి ఒక్క పూటలో చెప్పొచ్చు. ఆ పని నన్ను ఎటు తిప్పిందో, ఎక్కడ తప్పు చేయించిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాకు కూలి ఎప్పుడు పెరిగింది, ఎవరు ఏ కాగితం ఇచ్చారు అన్నవి ఇందులో ఉండవు.

షరీఫ్ మేస్త్రి

నేను పనిలో చేరింది 1956లో. బోధన్ చుట్టూ చెరకు తోటల మధ్య ఎస్టేటు బంగళాలు ఉండేవి. వాటి మరమ్మతులు చూసే ఒక కాంట్రాక్టరు దగ్గర వడ్రంగిగా కుదిరాను. అప్పటికే పెళ్లయింది, చేతిలో పని ఉంది, ఒంట్లో పొగరూ ఉంది. మాకు పెద్ద షరీఫ్ మేస్త్రి. బక్కపలచని మనిషి, మాట తక్కువ.

ఆ బంగళాల మేడల మీద నేలంతా టేకు పలకలే. గోదావరి అవతలి అడవుల్లో నూరేళ్లు నిలబడిన చెట్లవి. అటువంటి పలక ఒకటి పుచ్చిపోతే దాని పక్కన కొత్త చెక్క ఇమడదు. పాత చెట్టు నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి దాని గీతలు దగ్గరగా ఉంటాయి, ఒంట్లో నూనె ఉంటుంది. కొత్త చెక్క ఎండకు ముడుచుకుంటుంది, వానకు ఉబ్బుతుంది. అందుకే పాతదానికి పాతదే వెతకాలి. ఎక్కడ ఇల్లు కూలుతోందో, ఎక్కడ గోదాము విప్పుతున్నారో చెవి అటే ఉంచాలి.

చెక్కను పట్టి చూడటం షరీఫ్ మేస్త్రి మూడు ముక్కల్లో నేర్పాడు. "ముందు ముక్కు, తర్వాత గోరు, ఆఖరుకు కన్ను. కన్నుకు తొందరెక్కువ నర్సయ్యా, దాన్ని ఎనక నిలబెట్టు."

నేను కన్నునే ముందు నిలబెట్టాను.

రంగు కలిసింది

ఒక వానకాలం మేస్త్రి కూతురి పెళ్లికని హైదరాబాద్ వెళ్లాడు. ఒక ఎస్టేటు బంగళాలో మేడ మీద ఆరు పలకలు మార్చాలి. ఆయన వచ్చేలోపు చేసి చూపించాలని నాకు ఒకటే ఆరాటం. నిజామాబాద్‌లో మారుతి సేఠ్ కట్టెల డిపోకు పోయాను. ఆయన మాట్లాడే తెలుగులో సగం మరాఠీ వినపడేది. నేను ఏరుకున్న పలకలు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇది మొన్న దిగిన మాలు. రెండు ఎండకాలాలు సూడనియ్యి. అప్పుడు తీస్కపో" అన్నాడు.

నేను వినలేదు. తెచ్చి, చిక్కటి చాయ్ డికాక్షన్లో కాచు కలిపి పూసి, అవిసె నూనె పట్టించి బిగించాను. ఏది కొత్తదో ఏది పాతదో చెప్పలేనంతగా రంగు కలిసింది. కాంట్రాక్టరు భుజం తట్టాడు.

ఎండలు ముదిరేసరికి ఆ ఆరు పలకలూ ముడుచుకుపోయాయి. మధ్యలో వేలు దూరే సందులు, అంచులు పైకి లేచాయి. కాంట్రాక్టరు నన్ను నిలబెట్టి అడిగాడు. నేను తడుముకోకుండా, "ఎండిన మాలని చెప్పి సేఠ్ పచ్చిది అంటగట్టిండు" అన్నాను.

ఆనాటి నుంచి మా కాంట్రాక్టరు ఆ డిపో గడప తొక్కలేదు.

షరీఫ్ మేస్త్రి మేడ ఎక్కి ఒక పలక పీకి, వాసన చూసి, గోరు దించి చూశాడు. "పచ్చి కట్టె ఏందో నీకు తెల్వదా నర్సయ్యా?" అన్నాడు. తల దించుకున్నాను. ఆయన ఆ మాట కాంట్రాక్టరుకు చెప్పలేదు. నన్ను కాపాడాడని చాలా ఏళ్లు ఆయనకు మనసులో దండం పెట్టుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఆయన చెప్పి ఉండాల్సింది. నా ఉద్యోగం పోయేది, అంతే కదా. ఆయన మౌనం వల్ల అటు సేఠ్‌కు ఏం జరిగిందో తర్వాత తెలిసింది.

ప్రమీల టీచరమ్మ

పద్నాలుగేళ్లు గడిచాయి. అప్పటికి నేను కాంట్రాక్టరును వదిలి నిజామాబాద్‌లో సొంతంగా పని చేసుకుంటున్నాను. పాత నేల బాగుచేయాలంటే నర్సయ్యను పిలవండి అనే పేరు వచ్చింది. ఒకరోజు డేవిడ్ అనే ఆయన వచ్చి తన మేనత్త ఇంటికి తీసుకుపోయాడు.

మేనత్త పేరు ప్రమీల. మిషన్ బడిలో ముప్పై ఏళ్లు చదువు చెప్పి రిటైరైన టీచరమ్మ. వాళ్ల నాయన కట్టించిన మేడ గదిలోనే ఉంటుంది. అక్కడ ఒక మూల చెదలు పట్టి, పలక విరిగి, ఆమె కాలు మోకాలి దాకా దిగబడిందట. పిక్కకు కట్టు ఉంది.

"ఇదంతా తీసేసి సిమెంటు స్లాబు పోయిద్దామంటే ఒప్పుకోదు. నువ్వన్న చెప్పు" అన్నాడు డేవిడ్. ఆయన చెడ్డవాడు కాదు. మళ్లీ పడుతుందేమోనని భయం.

టీచరమ్మ నావైపు తిరిగింది, కానీ ఆమె చూపు నా భుజం పక్కనుంచి పోయింది. అప్పుడు అర్థమైంది, ఆమెకు కళ్లు దాదాపు పోయాయని.

"నర్సయ్యా, జెర నిలబడి చూడు" అని ఆమె నడిచింది. కిటికీ దగ్గర ఒక పలక మీద మడమ ఆనింది. పలక సన్నగా మూలిగింది. అక్కడి నుంచి మూడడుగులు వేసి బల్ల మీది నీళ్ల చెంబు అందుకుంది. తిరిగి వస్తూ, కాలి వేళ్లతో ఒక పలక అంచు తడిమి, విరిగిన చోటును చుట్టుకుని మంచం దగ్గరికి వచ్చి కూర్చుంది. ఎక్కడా చెయ్యి చాచలేదు.

"నాకు ఈ నేలనే కండ్లు. సిమెంటు పోస్తే గదంత ఒక్కతీరుగైతది. నేను యాడున్ననో నాకెట్ల తెలుస్తది?"

డేవిడ్ విరిగిన పలక అంచును కాలితో నొక్కి చూశాడు. తర్వాత, "మిరుగు లోపల చేస్తే చెయ్యి. వానకాలమంత ఈ విరిగిన నేల మీద ఆమెను ఉంచలేను. ఆ తర్వాత స్లాబే" అన్నాడు. మిరుగంటే మృగశిర కార్తె. మూడు నెలలు కూడా లేదు.

కొలిచాను. పదకొండు పలకలు కావాలి. ఒక్కొక్కటి జానెడు వెడల్పు, అంగుళం పావు మందం. అంత వెడల్పు పలక కోయాలంటే చెట్టు ఎంత లావుండాలో ఆలోచించండి. అటువంటి చెట్లు అప్పటికే డిపోలకు రావడం మానేశాయి.

తిరుగుడు

ఆ రెండు నెలలు నేను ఇంట్లో కడుపునిండా తిన్న పూట గుర్తు లేదు. మోస్రా దగ్గర దొరల పాత గడి ఒకటి విప్పుతున్నారంటే పోయాను. చెక్క బంగారం, మందం మాత్రం ముప్పావు అంగుళమే. టీచరమ్మ కాలు పెడితే ఊగుతుంది. బోధన్‌లో ఒకాయన "అసల్ పాత టేకు" అని చూపించాడు. ముక్కు దగ్గర పెడితే కాల్చిన ఇంజను నూనె వాసన. గోరు దించితే తెలిసింది, అది టేకు కాదు, నల్లమద్ది. చందూర్ వైపు ఎవరో బియ్యం గోదాము కూలుస్తున్నారంటే నేను పోయేసరికి పలకలన్నీ ఇటుక బట్టీ పొయ్యిలోకి పోయాయి. బట్టీ ముందు నిలబడి ఆ మంట చూశాను. ఏడుపొచ్చింది. చెబితే నవ్వుతారు.

"ఇంట్ల కూసున్నా నీ కాళ్లు బస్టాండులనే ఉంటయి" అనేది నా భార్య. ఆమె మాట నిజం. దారిలో పాత ఇల్లు కనపడితే చాలు, టికెట్టు ఎక్కడిదాకా తీసినా దిగిపోయేవాణ్ణి.

ఇక మిగిలింది ఒక్క మనిషి. పాత కట్టె ఎక్కడ కదిలినా మారుతి సేఠ్‌కు తెలుస్తుందని జిల్లా అంతటా అనుకునేవారు. పద్నాలుగేళ్లుగా నేను ఆయన గల్లీలోకి పోలేదు. ఆ మధ్యాహ్నం పోయాను. డిపో లేదు. చిన్న కొట్టులో తలుపు రెక్కలు, మంచం కోళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. కట్టె సంగతి అడిగే ముందు నా తప్పు చెప్పాలనుకున్నాను. చెప్పాను. కాంట్రాక్టరు ముందు ఏమన్నానో మాట పొల్లుపోకుండా చెప్పాను.

ఆయన చేతిలోని గుడ్డను మడిచాడు, విప్పి మళ్లీ మడిచాడు.

"నాకు తెల్వదు ఆ సంగతి" అన్నాడు. "ఎస్టేటోళ్లు ఎందుకు రాకుండ పోయిండ్రో నాకు సమఝ్ కాలే. మా తమ్ముడే రేటు ఎక్కువ చెప్పి ఎళ్లగొట్టిండనుకున్న. గంత మాట అన్న వాన్ని. డిపో రెండు ముక్కలు చేసుకున్నం. వాడు నాందేడ్ పోయిండు. నా ముఖం చూడడు."

ఆయన తల ఎత్తి నన్ను చూశాడు.

"ఎందుకు చెప్పినవయ్యా? తెల్వకుంట ఉంటే వాని తప్పనుకుంట బతికేటోన్ని."

లేచి నిలబడ్డాను. వెళ్లిపోదామనుకున్నాను. ఆయనే అడిగాడు, ఎందుకు వచ్చావని. టీచరమ్మ సంగతి చెప్పాను. గుడ్డ పక్కన పెట్టి, "పోచంపాడ్ కాడ గోదావరి మీద కట్ట లేస్తున్నది గద. ఎగువ ఊర్లు కాలీ చేస్తున్నరు. పసుపు పండించే కాపోళ్ల ఇండ్లల్ల పెద్ద అటకలుంటయి. కట్టె కొనే లారీలోళ్లకన్న ముందు పో" అన్నాడు.

నాందేడ్‌కు ఆయన పేరు మీద నేనే ఉత్తరం రాస్తానన్నాను. వద్దన్నాడు. అయినా ఆ తమ్ముడికి జరిగింది జరిగినట్టు రాసి పంపాను. జవాబు రాలేదు. వాళ్లు కలిశారో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

మునగబోయే ఊరు

గోదావరి ఒడ్డున ఆ ఊరు అప్పటికే సగం ఖాళీ. కప్పులు లేని గోడలు, వాకిళ్లలో పెంకుల కుప్పలు. ఒక్క ఇల్లు మాత్రం చెక్కుచెదరలేదు. అది సాయన్న అనే రైతుది. తల్లి లింగవ్వతో ఉంటున్నాడు. తలుపులోంచి చూస్తే అటక కనపడింది. జానెడుకు మించిన వెడల్పు పలకలు, దశాబ్దాలుగా పసుపు బస్తాలు దింపిన అంచు రుద్ది రుద్ది నున్నగా మెరుస్తోంది.

"మీ అటక పలకలు ఒకసారి చూద్దామని వచ్చిన అన్నా" అన్నాను.

సాయన్న నన్ను ఎగాదిగా చూశాడు. "ఇల్లింక నిలబడే ఉన్నది. అప్పుడే బొక్కలేరుకోను వచ్చినవా?"

చితిలో ఎముకలు ఏరుకునేవాణ్ణి చూసినట్టు చూశాడు. వెనక్కి వచ్చేశాను. వారం తిరగకముందే మళ్లీ పోయాను. ఆ రోజు పక్కింటి దర్వాజను లారీవాళ్ల కూలీలు గొడ్డళ్లతో నరుకుతున్నారు. చెక్కిన పూలన్నీ చీలికలవుతున్నాయి. నేను తట్టుకోలేక మధ్యలోకి పోయి, గొడ్డలి ఆపి, మూలలో దాగిన చెక్క మేకును ఉలితో తట్టి బయటికి తీశాను. దర్వాజ దానంతటదే విడివడి చేతిలోకి వచ్చింది.

ఎదురింటి అరుగు మీది నుంచి లింగవ్వ చూస్తోంది. "ఓ పిలగా, నువ్వు వడ్లోనివా?" అని కేక వేసింది. వడ్రంగినేనని తలూపాను.

సాయన్న బయటికి వచ్చాడు. ఈసారి గొంతు తగ్గింది. "మా ఇల్లు గట్ల నరకద్దు. దూలం, దర్వాజ, కిటికీలు పలగకుంట, చీలకుంట తీసిస్తవా? సర్కారిచ్చిన కాలనీల మల్ల నిలబెట్టుకోవాలె."

"తీస్తనన్నా."

"అటక పలకలు నువ్వు తీస్కపో. కొత్తింట్ల అటకెందుకు? పసుపు చేన్లే నీళ్లల్లకు పోతున్నయి."

దూలం

ఇల్లు విప్పడానికి ఒక వరస ఉంటుంది. ముందు పెంకులు, తర్వాత వాసాలు. దూలం కింద గట్టి ఆసరాలు నిలబెట్టిన తర్వాతే అటక జోలికి పోవాలి. అటక పలకలు దూలాన్ని పక్కకు పొర్లకుండా పట్టి ఉంచుతాయి. ఇది నాకు తెలియక కాదు. మిరుగుకు పన్నెండు రోజులే ఉంది. మబ్బులు కనపడుతున్నాయి. పలకలు ముందు దించి నిజామాబాద్ పంపిస్తే డేవిడ్ ఆగుతాడు కదా అనుకున్నాను. ఆసరాలు పెట్టకుండానే అటక విప్పాను.

పదకొండో పలక కిందికి ఇస్తుండగా దూలం కిర్రుమంది. "సాయన్నా, జరుగు!" అని అరిచాను. అతను గెంతాడు, అయినా దూలం కొన పాదం మీద పడింది. రెండు వేళ్లు నలిగిపోయాయి. దూలం నట్టనడుమ మూరెడు పగులు.

సాయన్న పళ్లు బిగబట్టుకుని పాదం పట్టుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. లింగవ్వ అంది.

"నీ కండ్లన్ని పలకల మీదనే ఉండె బిడ్డా. దూలం దిక్కు ఒక్కసారన్న సూసినవా?"

బండి కట్టి అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆ తర్వాత పలకల ఊసెత్తలేదు. మిగతా ఇల్లంతా వరస తప్పకుండా విప్పాను. కాలనీలో గోడలు లేచేదాకా అక్కడే ఉన్నాను. పగిలిన దూలాన్ని ఏటవాలుగా కోసి, అతుకు పెట్టి, కమ్మరితో ఇనుప పట్టీలు కొట్టించి బిగించాను. దాన్ని గోడల మీదికి ఎక్కించిన రోజు నేనే కింద నిలబడ్డాను. పడితే నా మీదే పడాలని. పడలేదు.

అప్పటికి మిరుగు వచ్చి వెళ్లింది.

నిజామాబాద్‌లో టీచరమ్మ ఇంటి ముందు కంకర, ఇసుక కుప్పలు పోసి ఉన్నాయి. మేడ ఎక్కి, డేవిడ్ ముందే టీచరమ్మకు జరిగిందంతా చెప్పాను. "కాలు ఎట్లున్నది ఆయనకు?" అని అడిగింది ముందు.

"కట్టు కట్టిండ్రు. నడుస్తడు."

"ఇల్లు నిలబడ్డదా?"

"నిలబడ్డది టీచరమ్మా."

"మరి పలకలు ఎందుకు తేలే?"

"ఏ ముఖంతోని తేవాలె? దూలం పలగకుంట ఇస్తనంటిని, ఇయ్యలే."

"వాళ్లు పలకలు ఇయ్యం పో అన్నరా? నువ్వే అడగలేదా?"

అడగలేదు. అడగకపోవడమే మర్యాద అనుకున్నాను. నిజానికి లింగవ్వ ముఖం మళ్లీ చూసే ధైర్యం లేక తప్పించుకున్నాను.

"డేవిడ్, కంకర కాళ్లొచ్చి యాడికి పోదు. నాలుగు రోజులు ఆగు" అంది టీచరమ్మ. ఆయన నిట్టూర్చి సరేనన్నాడు.

మర్నాడే కాలనీకి పోయాను. సాయన్న ఇంటి పక్కన ఏదో ఎత్తుగా గడ్డి కప్పి ఉంది. తీసి చూస్తే నేను పాత ఊళ్లోనే వదిలేసి వచ్చిన పదకొండు పలకలు. చెద పట్టకుండా కింద రాళ్లు పెట్టి, ఒకదాని మీద ఒకటి సమంగా పేర్చి తాడు కట్టారు.

"ఎన్నడొస్తవో ఏమోనని మా అవ్వ తెప్పిచ్చి కప్పింది" అన్నాడు సాయన్న. "గిన్ని రోజులేందన్నా? తడుస్తయని మాకే భయమాయె."

పలకలు పరిచాక

పలకల అడుగు భాగం రందాతో చిత్రిక పట్టి మందం సరిచేశాను. గది అంతా పసుపు వాసన లేచింది. పై భాగం ముట్టుకోలేదు. రంగు కలపలేదు. పాత నేల నల్లగా, అటక పలకలు పచ్చగా, చూసేవాళ్లకు అతుకు స్పష్టంగా కనపడేది. టీచరమ్మ వాటి మీద నడిచి, ఒక చోట ఆగి, "ఇక్కడ కొద్దిగ పల్లమున్నది" అంది. బస్తాలు లాగిన చోటు అది. చదును చెయ్యమంటారా అని అడిగాను. "వద్దు, నేర్చుకుంట" అంది. వారం లోపల ఆ మూలలో కూడా చెయ్యి చాచకుండా నడిచింది.

తర్వాత ఒకటి రెండేళ్లకు ఊళ్లోకి నీళ్లు వచ్చాయని విన్నాను. ఆ ఏడే లింగవ్వను దగ్గుకు చూపించడానికి సాయన్న నిజామాబాద్ ఆసుపత్రికి తీసుకొచ్చాడు. ఆసుపత్రి పని అయ్యాక ఆమె నన్ను పిలిపించింది. "నా పలకలు యాడున్నయో సూపియ్యి" అని పట్టుబట్టింది.

సాయన్న కింద ఆగాడు, నేను చెయ్యి ఆసరా ఇచ్చినా ఆమెకు మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. గదిలోకి రాగానే ఎవరూ చూపించకుండానే మూలకు పోయి కూర్చుంది. అరచేత్తో పలకను తుడిచింది, సందులో గోరు పెట్టి గీకి వాసన చూసింది.

"గీడ కూసొనే పసుపు ఏరేదాన్ని. అటక మీద ఉక్కపోత, అయినా అక్కడనే మంచిగనిపించేది" అంది.

"ఐతే నీకే తెలియాలె" అంటూ టీచరమ్మ నడిచి వచ్చి పక్కన కూర్చుంది. "ఇక్కడ పల్లమెందుకున్నది లింగవ్వా?"

"అది నా మొగడు బస్తా గుంజిన జాగ. ఎత్తుమంటే ఎత్తడు, గుంజుతడు. ఎన్నిసార్లు తిట్టిననో."

ఇద్దరూ నవ్వారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఉండాలో పోవాలో తెలియలేదు. లింగవ్వ కిటికీ వైపు చూసింది. తర్వాత నన్ను పిలిచింది.

"బిడ్డా, ఈ ఇంటి మీదికి నీళ్లు రావు గద?"

"రావవ్వా" అన్నాను.

ఆమె చెంగు దులిపి మడిచి తల కింద పెట్టుకుని, ఆ పలకల మీదే ఒత్తిగిలి పడుకుంది. కొద్దిసేపటికి దగ్గు కూడా ఆగింది. టీచరమ్మ వంగి ఆమె ఊపిరి విని, నా వైపు చెయ్యి ఊపింది.

"మెల్లగ దిగు నర్సయ్యా. నిద్రవట్టింది."